నొప్పిని బోధించువారితో ఒక మాట



లోపల గదిలో స్త్రీ పురిటినొప్పులతో కేకలు వేయుచుండగా, బయట వసారాలో కూర్చుండి, ఇది హవ్వ తెచ్చిన శిక్ష, అనుభవింపక తప్పదు అని చెప్పు పెద్దమనుష్యులు మన సంఘములలో ఇంకను ఉన్నారు. ఆ మాట చెప్పువారు తరచుగా మగవారే. కాన్సరు వ్యాధితో మూలుగుచున్న ముసలితల్లికి నొప్పి తగ్గు మందు ఇప్పింపబోగా, ప్రభువు సిలువమీద మత్తు పుచ్చుకొనలేదు గదా అని అడ్డుపడువారును ఉన్నారు. ఈ రెండు మాటలును వినుటకు భక్తివలెనే ఉండును. రెండును తప్పని నా వాదము. అట్లు బోధించువారిమీద నాకు కోపము లేదని చెప్పను, కొంత ఉన్నది. అయినను కోపముతో గాక, జరిగిన చరిత్రను మీ ముందుంచి మాటలాడెదను. మీరే తీర్పు చెప్పుడి.

మొదట, మందు లేని దినములలో మనుష్యులు ఏమి అనుభవించిరో వినుడి. 1811 సెప్టెంబరు 30న పారిసు నగరములో ఫానీ బర్నీ అను ఆంగ్ల రచయిత్రికి కాన్సరని తలంచి రొమ్ము కోసి తీసివేసిరి. కోసినవాడు సామాన్యుడు కాడు. నెపోలియను సైన్యములో పేరుపొందిన లారే అను వైద్యుడు. ఆమెకు ముందుగా ఇచ్చినది కొంచెము ద్రాక్షారసపు పానీయము మాత్రమే. ముఖముమీద ఒక పలుచని రుమాలు కప్పిరి గాని, ఆ బట్టలోనుండి కత్తి మెరుపు ఆమె కంటికి కనబడుచునే యుండెను. ఆ కోత ఇంచుమించు ఇరువది నిమిషములు సాగెను. ఆ సంగతి తన అక్కకు ఉత్తరముగా వ్రాయుటకు ఆమెకు నెలలు పట్టెను. వ్రాసినదానిని తిరిగి చదువుకొనుటకు సహితము ధైర్యము చాలలేదు. ఆమె 1840 వరకు బ్రదికినది గనుక వైద్యుని నేర్పును తప్పు పట్టుటకు వీలులేదు. లోపించినది నేర్పు కాదు, నిద్ర.

ఆ కాలమున గొప్ప శస్త్రవైద్యుడనగా వేగముగా కోయువాడు. కాళ్లు చేతులు పట్టుకొనుటకు బలశాలులను నియమించుకొని, గడియారము చూచుకొని పని ముగించుచుండిరి. లండనులో రాబర్టు లిస్టను అట్టి వేగమునకు పేరుపొందెను. కడుపు తెరచి లోపలి పని నిదానముగా చేయుట ఎవరికిని సాధ్యము కాలేదు. ఏలయనగా మేలుకొనియున్న మనుష్యుడు అంతసేపు కత్తికి ఓర్చుకొనలేడు. నొప్పిని తగ్గించుట సుఖము కొరకు మాత్రమే అని తలంచువారు దీనిని గమనింపవలెను. మన ఊళ్లలో కడుపు కోసి బిడ్డను తీయగా తల్లి బ్రదికి ఇంటికి వచ్చుచున్నదనిన, ఆ మేలు వెనుక మత్తుమందు ఉన్నది.

అయితే పూర్వులు ఊరకుండిరా? ఉండలేదు. ఆదికాండము 30వ అధ్యాయములో రాహేలు లేయాలు తగవులాడిన పుత్రదాతవృక్షపు పండ్లు మీకు జ్ఞాపకమున్నవి గదా. అది మాండ్రేకు అను మొక్కయే అని అనేకమంది పండితుల అభిప్రాయము. దాని వేరును ద్రాక్షారసములో కాచి, కోతకును వాతలకును ముందు రోగికి త్రాగించవలెనని మొదటి శతాబ్దములోనే డియోస్కోరిడీసు అను గ్రీకు వైద్యుడు వ్రాసియుంచెను. మన దేశమున సుశ్రుతుని గ్రంథములో, రోగి మూర్ఛపోకుండుటకు అన్నమును, కత్తి తెలియకుండుటకు మద్యమును ముందుగా ఇమ్మని విధి కలదు. నల్లమందు సంగతి చెప్పనక్కరలేదు. 1804 అక్టోబరు 13న జపాను దేశములో హనవోకా సైషూ అను వైద్యుడు ఉమ్మెత్త మొదలగు మూలికలతో చేసిన కషాయము త్రాగించి, అరువదియేండ్ల స్త్రీకి నిద్రలోనే రొమ్ము కాన్సరును కోసి తీసెను. మన దొడ్డి వెనుక మొలచు ఉమ్మెత్తయే. ఆ మందును పరీక్షించుటలో అతని భార్య కన్నులు పోయెనని చెప్పుదురు. అంతకంటె ముఖ్యమైన సంగతి ఒకటి: 13వ శతాబ్దములో ఇటలీలో తియొడొరిక్ అను ఒకడు నల్లమందు, మాండ్రేకు, కురాసాని వాము జాతి మొక్క మొదలగువాని రసములలో స్పంజిని నానబెట్టి, ఎండబెట్టి, మరల తడిపి రోగి ముక్కునొద్ద పట్టుమని తన గ్రంథములో వ్రాసెను. ఈ తియొడొరిక్ ఎవరనుకొన్నారు? డొమినికను సన్యాసి, చెర్వియా పట్టణపు బిషప్పు. శస్త్రవైద్యమును దైవసేవను ఒకే జీవితములో నడిపినవాడు. నొప్పికి మందిచ్చుట దైవద్రోహమని ఆయనకు తోచలేదు.

ఈ పాత మందులన్నిటికి ఒకటే లోపము. కొలత లేదు. ఒక చేనిలోని మొక్కకు ఉన్న బలము వేరొక చేనిలోని మొక్కకు ఉండదు. అదే గిన్నెడు కషాయము ఒకనిని నిద్రపుచ్చును, మరియొకనిని లేవనీయదు. అందుచేత మంచి వైద్యులు క్రమముగా వాటిని విడిచిపెట్టిరి. రోగి మరల కేకలకే వచ్చెను.

ఇక క్లోరోఫారము మాట. 1831 ప్రాంతమున ముగ్గురు ఒకరినొకరు ఎరుగకయే దానిని కనుగొనిరి: అమెరికాలో గత్రీ, ఫ్రాన్సులో సుబెరాన్, జర్మనీలో లీబిగ్. గత్రీ ఒక పల్లెటూరి వైద్యుడు. మనము బావులలో చల్లు బ్లీచింగు పొడివంటి దానిని విస్కీతో కలిపి బట్టీ పట్టెను. తియ్యని వాసనగల ద్రవము దిగెను. దానిని అచ్చటివారు కొందరు పానీయముగా త్రాగి చూచిరి కూడ! 1834లో ఫ్రెంచివాడైన డ్యూమా దానికి క్లోరోఫారమని పేరు పెట్టెను. అది నీటికంటె బరువైనది, 61 డిగ్రీల వేడికే మరుగును. వెలుతురు గాలి తగులుచు నిలువయున్నచో అందులోనుండి విషవాయువు పుట్టును గనుక రంగు సీసాలో దాచుదురు. ఇంత తెలిసియు పదునారేండ్లు అది ఇంచుమించు ఊరకనే యుండెను.

ఈ నడుమ అమెరికావారు వేరు మార్గమున పోయిరి. జార్జియా రాష్ట్రపు పల్లెలో క్రాఫర్డు లాంగు 1842 మార్చి 30న ఈథరు పీల్పించి ఒకని మెడమీది కంతిని తీసెను గాని 1849 వరకు లోకమునకు ప్రకటింపలేదు. హోరేసు వెల్సు అను పండ్ల వైద్యుడు నవ్వించు వాయువుతో ప్రయత్నించి బోస్టనులో అందరియెదుట భంగపడెను. 1846 అక్టోబరు 16న అదే నగరములో మార్టను ఈథరు ఇయ్యగా, వారెను అను వృద్ధ వైద్యుడు రోగి మెడమీది కంతిని కోసెను. రోగి కేక వేయలేదు. ఆ సంవత్సరము డిసెంబరు 21న లండనులో లిస్టను ఈథరు క్రింద ఒకని కాలు తీసెను. వేగమునకు పేరుపొందిన ఆయన చేతిలోనే వేగముతో పనిలేని కాలము మొదలైనది.

ఎడింబరోలో జేమ్సు యంగ్ సింప్సను ఈ వార్త విని నిలువలేకపోయెను. ఇతడు రొట్టెలు కాల్చి అమ్ముకొను బీదవాని కుమారుడు, 1811లో పుట్టినవాడు. విద్యార్థిగా నుండగా ఒక పల్లెటూరి స్త్రీకి రొమ్ము కోయుట చూచి, వైద్యమే మానివేయవలెనని తలంచినవాడు. మానక 28 ఏండ్లకే మంత్రసానిశాస్త్రములో ఆచార్యుడాయెను. ఈథరు వాసన ఘాటు, దగ్గు పుట్టించును, ఎక్కువ పరిమాణము కావలెను. దానికంటె మంచిది దొరకునాయని అనేక ద్రవములను తానే పీల్చి చూచుచుండెను. క్లోరోఫారమును ప్రయత్నింపుమని సలహా ఇచ్చినవాడు డేవిడ్ వాల్డీ అను రసాయనజ్ఞుడు. (ఈ వాల్డీ 1853లో మన దేశమునకు వచ్చి, కలకత్తాలో రసాయన కర్మాగారము పెట్టి, అక్కడనే 1889లో చనిపోయెను. ఆయన పేరు ఎంతమందికి తెలియును?) 1847 నవంబరు 4న రాత్రి భోజనమైన తరువాత సింప్సనును ఆయన స్నేహితులైన కీత్, డంకన్ అను వైద్యులును గ్లాసులలో క్లోరోఫారము పోసికొని పీల్చిరి. కొంచెముసేపు ఉల్లాసముగా మాటలాడి ముగ్గురును బల్లక్రింద పడిపోయిరి. నాలుగు దినములకు, అనగా నవంబరు 8న, సింప్సను ఒక స్త్రీకి కాన్పులో దానిని ఇచ్చెను. ఆ బిడ్డకు అనస్థీషియా అని నామకరణము చేసిరని ఒక కథ ప్రచారములో ఉన్నది. అది నిజము కాదు. ఇట్టి కథలు చెప్పుట తేలిక, సరిచూచుట కష్టము.

ఇప్పుడు మన వాదమునకు వచ్చితిని. ఆ డిసెంబరులోనే సింప్సను ఒక చిన్న పుస్తకము అచ్చువేయించెను. మతము పేరిట వచ్చు ఆక్షేపణలకు ప్రత్యుత్తరము అది. ఆదికాండము 3వ అధ్యాయము 16వ వచనము చూపి, కాన్పు నొప్పి దేవుడు నియమించినదని, దానిని తొలగించుట దేవునికి ఎదురాడుటయని అనువారికి ఆయన చెప్పిన జవాబులలో కొన్ని బలహీనమైనవి. ఆదామునుండి ప్రక్కటెముక తీయకముందు దేవుడు గాఢనిద్ర కలుగజేసెను గదా, ఆయనయే మొదట మత్తునిచ్చిన వైద్యుడు అన్నాడు. వినుటకు చక్కగా ఉన్నది. ఇప్పటికిని ఆసుపత్రి ప్రతిష్ఠ కూటములలో ఈ మాట చెప్పి ఆనందింతురు. కాని అది పాపము లోకములోనికి రాకముందు జరిగినది. అప్పుడు నొప్పి ఉన్నదో లేదో ఎవరు చెప్పగలరు? ఆ కాలపు ప్రత్యర్థులు ఈ ఆక్షేపణ చేయనే చేసిరి. వారిది సరియైన ఆక్షేపణయే. హెబ్రీ మాటల అర్థమును పట్టుకొని, అక్కడ చెప్పినది శ్రమయే గాని పురిటినొప్పి కాదని ఆయన చేసిన వాదముమీద కూడ నేను ఎక్కువ బరువు పెట్టను.

ఆయన మూడవ మాట మాత్రము ఎవరును కదల్చలేనిది. మీ బైబిలు తెరచి 16వ వచనమును 17వ వచనమును ప్రక్కప్రక్కన చదువుడి. స్త్రీతో చెప్పినచోట ప్రయాసమని ఉన్నది. పురుషునితో నేలనుగూర్చి చెప్పినచోట కూడ ప్రయాసమనియే ఉన్నది. హెబ్రీలోను ఒకటే మాట. ఆ తరువాత ముండ్లతుప్పలనుగూర్చి, ముఖపు చెమటనుగూర్చి చెప్పబడినది. మంచిది. అయ్యా, స్త్రీ నొప్పిని తగ్గించుట శాపమును ఎదిరించుటయైతే, నీవు నాగలికి ఎద్దులను ఎందుకు కట్టితివి? ట్రాక్టరు అద్దెకు ఎందుకు తెచ్చితివి? చేనిలో కలుపు తీయించుట ఎందుకు? కలుపుమందు చల్లుట ఎందుకు? ముండ్లు మొలచునని దేవుడు చెప్పెను గదా, మొలవనిమ్ము. చెమట పట్టునని చెప్పెను గదా, పంకా క్రింద కూర్చుండి అన్నము తినుచున్నావేమి? మగవాని శాపమునకు మోటారు ఇంజను తెచ్చుకొని, ఆడుదాని శాపమునకు మాత్రము వాక్యము తెచ్చుట న్యాయమా? ఒకే నోట పలికిన రెండు మాటలలో ఒకదానిని తేలిక చేసికొని, మరియొకదానిని ఇతరుల మీద బరువుగా మోపుచున్నాము.

మరియొక సంగతి. మన పల్లెలలో కొన్నిచోట్ల, కాన్పు ఆలస్యమగుచున్నదని, నొప్పులు గట్టిగా రావలెనని, చదువులేని చేతులతో సూది వేయించుచున్నారు. ఆ మందు లెక్క తప్పి ఎక్కినయెడల గర్భసంచి పగులవచ్చును. బిడ్డకు ఊపిరి అందకపోవచ్చును. నొప్పి తగ్గించుట పాపమట! నొప్పి పెంచు సూది మాత్రము పాపము కాదట! ఇది ఏ వేదాంతమో నాకు బోధపడలేదు.

సంఘమును విమర్శించువారికి కూడ ఇక్కడ ఒక మాట చెప్పవలసియున్నది. క్లోరోఫారము రాగానే పాదిరులందరు లేచి దానిని శపించిరని, ప్రసంగపీఠములనుండి యుద్ధము ప్రకటించిరని పుస్తకములలో వ్రాసియున్నది. 1896లో అమెరికా పండితుడు ఆండ్రూ వైట్ వ్రాసిన గ్రంథముచేత ఈ కథ బాగుగా వ్యాపించినది. 1983లో ఫార్ అను పరిశోధకుడు ఆ దినముల పత్రికలను కరపత్రములను వెదకి చూడగా, అచ్చులో వచ్చిన మతసంబంధమైన వ్యతిరేకత బహు కొంచెమని తేలినది. సింప్సను చాలవరకు రాబోవు ఆక్షేపణలకు ముందుగానే జవాబు వ్రాసికొన్నాడు. గట్టిగా ఎదిరించినవారు వైద్యులే. ఫిలడెల్ఫియాలోని మెయిగ్సు అను ఆచార్యుడు, కాన్పు నొప్పి స్వభావసిద్ధమైనది, వైద్యునికి దారి చూపునది, దానిని తీసివేయరాదని సింప్సనుకే వ్రాసెను. అట్లే, 1591లో ఎడింబరోలో యూఫేమ్ మకాల్జియన్ అను స్త్రీని కాన్పునొప్పికి మందు అడిగినందుకే సజీవముగా కాల్చిరని చెప్పుదురు. ఆమెను కాల్చినది నిజము. ఆగ్నెసు శాంప్సను అను మంత్రసానిచేత నొప్పులు తగ్గుటకు ఉపాయములు చేయించుకొన్నదనుట ఆమెపై మోపిన నేరములలో ఒకటియను మాటయు నిజము. అయితే రాజుమీద కుట్రయు మంత్రవిద్యయు అను నేరములే పెద్దవి. మనకు విరోధమైన కథయైనను, అనుకూలమైన కథయైనను, కొలతకు మించి చెప్పరాదు. కాని వసారాలోని పెద్దమనిషి ఈ మాట విని సంతోషింపనక్కరలేదు. ఆ దినముల పాదిరులు అనని మాటను ఈయన ఇప్పుడు అనుచున్నాడని తేలినది, అంతే.

1853 ఏప్రిల్ 7న విక్టోరియా రాణి తన ఎనిమిదవ కాన్పులో క్లోరోఫారము పుచ్చుకొనెను. ఇచ్చినవాడు జాన్ స్నో. చేతిరుమాలుమీద కొంచెము కొంచెముగా పోసి 53 నిమిషములు పీల్పించెను. 1857లో ఆమె మరల ఆయననే పిలిపించెను. ఆంగ్లదేశ సంఘమునకు అధిపతియైన స్త్రీ పుచ్చుకొనగా ఇక ఎవరికిని నోరు రాలేదు. నాకు ఈ సమాప్తి అంతగా నచ్చదు. రాణి కేక వినబడువరకు కూలిస్త్రీ కేక ఎవరికిని వినబడలేదనుట మన మనుష్యజాతికి గౌరవము కాదు. స్నో మాత్రము మరువదగినవాడు కాడు. కలరా త్రాగునీటివలన వచ్చునని 1854లో లండను వీధి పంపునొద్ద చూపినవాడు ఆయనయే. క్లోరోఫారము ఎంత పాళ్లు గాలిలో కలిసిన నిద్ర, ఎంత కలిసిన మరణమో లెక్క కట్టి, దానికి తగిన పనిముట్టు చేసెను. పూర్వుల కషాయములలో లేని కొలత ఇదియే.

కొలత తప్పినచోట ఏమి జరుగునో దాచను. 1848 జనవరి 28న, అనగా సింప్సను బల్లక్రింద పడిన మూడు నెలలు కాకముందే, ఇంగ్లాండులో న్యూకాసిలు దగ్గర హన్నా గ్రీనర్ అను పదునైదేండ్ల బాలిక కాలివ్రేలి గోరు తీయించుకొనుటకు క్లోరోఫారము పీల్చి నిమిషములలో చనిపోయెను. గోరు కొరకు ప్రాణము! అటుపిమ్మట ఇట్టి మరణములు వచ్చుచునే యుండెను. కారణమేమి? గుండె మొదట ఆగునా, ఊపిరి మొదట ఆగునా? ఈ వివాదము ఎక్కడ తీర్చజూచిరో తెలిసినయెడల మీరు ఆశ్చర్యపడుదురు. మన హైదరాబాదులో! అక్కడి వైద్యపాఠశాలకు ముఖ్యుడైన ఎడ్వర్డు లారీ, ఊపిరిని కనిపెట్టి చూచినచో చాలును, గుండెకు భయములేదని పట్టుబట్టెను. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను సొమ్మిచ్చెను. 1888లో ఒక పరిశోధక సంఘము, 1889లో రెండవది కూర్చుండెను. రెండవదానికి లండనునుండి లాన్సెట్ పత్రిక తరపున లాడర్ బ్రంటన్ అను ప్రసిద్ధుడు వచ్చెను. ఎన్నో కుక్కలమీదను కోతులమీదను పరీక్షలు చేసి, ఊపిరియే మొదట ఆగునని, లారీ చెప్పినదే నిజమని తీర్పిచ్చిరి.

ఆ తీర్పు సగమే సత్యము. 1911లో గుడ్‌మన్ లీవీ అనునతడు పిల్లులమీద పరీక్షించి, క్లోరోఫారము తక్కువగా ఎక్కినప్పుడు, భయముచేతను నొప్పిచేతను శరీరములో పుట్టు అడ్రినలిను తోడైనచో, గుండె ఒక్కసారిగా కొట్టుకొనుట తప్పి అదురుచు నిలిచిపోవునని చూపెను. గోరు తీయించుకొనబోయిన బాలిక భయముతో నుండెనని వేరుగ చెప్పవలెనా? అందుచేతనే చిన్నపనికని కొంచెముగా ఇచ్చినప్పుడే ఎక్కువ అపాయము కలిగెను. కాలేయమును కూడ అది పాడుచేయునని తేలినది. 20వ శతాబ్దములో అంతకంటె క్షేమమైన మందులు రాగా వైద్యులు దానిని విడిచిపెట్టిరి. నేడు ఆపరేషను గదిలో క్లోరోఫారము ఇయ్యరు. సినిమాలలో దొంగలు రుమాలుమీద పోసి క్షణములో మూర్ఛపుచ్చుదురే, అది అబద్ధము. కొన్ని నిమిషములు పట్టును.

హైదరాబాదును విడుచుటకు ముందు ఒక పేరు. ఆ వైద్యపాఠశాలలో చదివిన మొదటి స్త్రీలలో రూపాబాయి ఫర్దూన్జీ అను పార్సీ యువతి యుండెను. లారీ యొద్ద క్లోరోఫారము ఇచ్చుట నేర్చుకొని, ఆ పరిశోధనలలో పాల్గొని, అక్కడి ఆసుపత్రులలో మత్తు వైద్యురాలుగా పనిచేసెను. ఇంకను నేర్చుకొనవలెనని 1909లో సింప్సను నగరమైన ఎడింబరోకే పోయెను. మన దేశములో ఆ వృత్తి చేసిన స్త్రీలలో ఆమెయే మొదటిది. కాన్పుగది వసారాలో కూర్చున్నవారు ఈ సంగతి కూడ వినవలెను: లోపలి స్త్రీ నొప్పి తీర్చుటకు మన నేలమీద ఒక స్త్రీ 130 ఏండ్లకు పూర్వమే సీసా చేతపట్టెను.

ఇంతవరకు చదివి, అయితే మందు మంచిదే, ఏ మందైనను పుచ్చుకొనవచ్చునని పరుగెత్తువారుందురు. ఆగుడి. మన దేశములో ఉద్యోగము చేసిన కాలిస్ బ్రౌన్ అను సైనిక వైద్యుడు క్లోరోడైను అను మందు చేసెను. నల్లమందు సారము, గంజాయి, క్లోరోఫారము, మూడును అందులో కలవు. కలరాకనియు, దగ్గుకనియు, నిద్రకనియు అమ్మిరి. నొప్పి తగ్గెను గాని అనేకులు ఆ సీసాకు దాసులైరి. అమెరికాలో విన్‌స్లో అమ్మగారి పేరిట అమ్మిన పసిపిల్లల మందులో మార్ఫిను ఉండెను. ఏడ్పు మానిన పిల్లలలో కొందరు మరల ఏడ్వనే లేదు. లోపల ఏమున్నదో చెప్పని సీసాను, ఎంత ఇచ్చుచున్నానో తెలియని చేతిని నమ్మకుడి. సంతలో మూట విప్పినవాడైనను సరే, ప్రార్థించిన నూనెయని సీసా అమ్మువాడైనను సరే.

ఇక సిలువ మాట. మార్కు సువార్త 15వ అధ్యాయములో బోళము కలిపిన ద్రాక్షారసము ఇయ్యగా ప్రభువు పుచ్చుకొనలేదని ఉన్నది. నిజము. అది ఆయన తనకొరకు, తాను మోయవచ్చిన భారము కొరకు చేసినది. ప్రక్కన వ్రేలాడుచున్న ఇద్దరిని మీరును త్రాగవద్దని ఆయన చెప్పెనా? సువార్తలన్నియు చదువుడి. ఒక్క రోగినైనను, నీ నొప్పి నీకు మేలు, ఇంటికి పోయి ఓర్చుకొమ్మని ఆయన పంపివేసిన చోటు చూపుడి. తానై నొప్పిని భరించుట ఒకటి. ప్రక్కవానిచేత భరింపజేయుట వేరొకటి. నీవు పండు పీకించుకొనునప్పుడు సూది వద్దని చెప్పగలిగినయెడల చెప్పుకొనుము. అది నీ ఇష్టము. నీ తల్లి తరపున ఆ మాట చెప్పుటకు నీకు అధికారము లేదు. సామెతలు 31వ అధ్యాయములో, నశించుచున్నవానికి మద్యము ఇమ్మని ఒక తల్లి రాజైన కుమారునికి నేర్పినది. ఆ కుమారుని మాత్రము త్రాగవద్దన్నది. ఈ భేదము ఆ తల్లికి తెలిసినది. హిజ్కియా బ్రదుకునని దేవుడే చెప్పిన తరువాత కూడ యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుకు కట్టించెను. ప్రార్థనయు ముద్దయు ఒకదానితో ఒకటి పోట్లాడలేదు. కూటములలో మాత్రలు పారవేయుమని చెప్పువారు ఆ ముద్దను ఏమి చేయుదురో!

కాన్సరు నొప్పికి నేడు ముఖ్యమైన మందు మార్ఫిను. 19వ శతాబ్దారంభమున జర్మనీలో సెర్ట్యూర్నర్ అను మందుల దుకాణపు యువకుడు నల్లమందునుండి దానిని వేరుచేసెను. కొలతకు లొంగని నల్లమందు ఆ దినముననే కొలతకు లొంగినది. మన దేశములో ప్రభుత్వపు అనుమతితో గసగసాల పైరు పండించి ఆ మందుకు కావలసినది తీయుచున్నారు. అయినను 1985లో వచ్చిన మాదకద్రవ్యముల చట్టపు కట్టుబాట్లకు జడిసి అనేక ఆసుపత్రులు దానిని ఉంచుటయే మానివేసెను. పండించు దేశములోనే రోగులు మందు లేక కేకలు వేసిరి. 2014లో ఆ చట్టమును సవరించి దారి సులభము చేసిరి. హైదరాబాదులోని ఎం. ఎన్. జె. కాన్సరు ఆసుపత్రిలో నొప్పి ఉపశమనమునకే వేరుగా వైద్యులున్నారు.

కనుక మీ ఇంటిలో అట్టి రోగి యున్నయెడల, పెద్దాసుపత్రికి తీసికొనిపోయినప్పుడు జబ్బు మాట మాత్రమే గాక నొప్పి మాట కూడ వైద్యునితో చెప్పుడి. రాత్రి ఎన్నిసార్లు లేచుచున్నదో, ఏ ప్రక్కకు పడుకొనలేకపోవుచున్నదో లెక్కగా చెప్పుడి. మాత్రగా ఇచ్చు సాధారణమైన మార్ఫినును నాలుగు గంటలకొకసారి వేయవలెను. నొప్పి పెరుగువరకు ఆగి వేయుట పొరబాటు. వైద్యుడు చెప్పిన లెక్కప్రకారము కాన్సరు నొప్పికి వాడువారు దానికి దాసులగుట అరుదు. ఆ మాత్రలు పిల్లలకు అందనిచోట తాళము వేసి ఉంచుడి. ఇరుగుపొరుగువారి నడుమునొప్పికి పంచిపెట్టకుడి. దానివలన మలబద్ధకము తప్పక వచ్చును. అందుకు వేరు మందు ఇత్తురు. అడిగి అదికూడ అదే చీటిలో వ్రాయించుకొని రండి.